తిండి అదే, పని తగ్గింది: క్యాలరీల లెక్కలో నేను చేసిన పొరపాటు



ఈసారి వీడియోలో జీవామృతం డ్రమ్ము లేదు, ఆవు లేదు, పొలం గట్టు కూడా లేదు. పొద్దున ఐదున్నరకు లోయర్ ట్యాంక్ బండ్ పక్కన ఇందిరా పార్కులో నేను నడుస్తూ మాట్లాడిన మాటలే ఉన్నాయి. "ఇదేంది అన్నా, సాగు వీడియోలల్ల వాకింగ్ వీడియో?" అని ఇద్దరు ముగ్గురు మిత్రులు ఫోన్ చేసి నవ్వారు. నడుస్తూ మాట్లాడితే ఆయాసం వచ్చి సగం విషయాలు మిగిలిపోయాయి. అవన్నీ ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఇది మన పంటకు, మన వంటకు, మన నోటి మాటకు సంబంధించిన విషయమే. చివరిదాకా చదవండి.

రెండేళ్లలో 11 కిలోలు

జనగామ దాటాక మా ఊరు. నాలుగు ఎకరాలు. దేశవాళీ వరి, కంది, కూరగాయలు, అన్నీ ప్రకృతి వ్యవసాయ పద్ధతిలోనే. మా అబ్బాయి గ్రూప్స్ కోచింగ్ కోసం అశోక్ నగర్‌లో చేరినప్పుడు, వాడికి వండి పెట్టడానికి, మన పంట నేరుగా అమ్ముకోవడానికి వీలుంటుందని నేనూ మా ఇంటామె ఇక్కడే రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. గురు, శుక్రవారాలు ఊళ్లో, మిగతా రోజులు పట్నంలో. ఆదివారం పొద్దున పార్కు దగ్గర టేబుల్ వేసి బియ్యం, చిరుధాన్యాలు, పప్పులు, గానుగ నూనె, బెల్లం అమ్ముతాను.

వచ్చేటప్పుడు నా బరువు 68 కిలోలు. రెండేళ్లకు 79. నడుము చుట్టుకొలత 97 సెంటీమీటర్లు. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెప్పే లెక్క. మోకాలు నొప్పికి చూపించుకుందామని పోతే రక్త పరీక్షలు రాశారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ గడప మీద నిలబడ్డట్టే. 6.5 అయితే గడప దాటినట్టు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మందు లేని తిండి, నా చేతి పంట. బయట టిఫిన్లు కూడా తక్కువే. "మీరు రైతు కదా, కష్టం చేసే ఒళ్లు కదా" అని అందరూ అనేవాళ్లు. నేనూ అదే అనుకునేవాణ్ని.

లెక్క ఎక్కడ తప్పింది?

మన హైదరాబాద్‌లోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. ఏ పని చేసేవాళ్లకు ఎంత శక్తి కావాలో ఐసీఎంఆర్‌తో కలిసి 2020లో లెక్కలు ఇచ్చింది. 65 కిలోల మగమనిషి కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2,110 క్యాలరీలు, మోస్తరు పనికి 2,710, బరువైన పనికి 3,470. 55 కిలోల ఆడమనిషికి ఇవే వరసగా 1,660, 2,130, 2,720.

ఊళ్లో నాది మోస్తరు పని అనుకున్నా, ఇక్కడికి వచ్చాక నా అవసరం రోజుకు 600 క్యాలరీలు తగ్గింది. అది సుమారు 170 గ్రాముల బియ్యంతో సమానం. కానీ నా కంచంలో అన్నం ముద్ద ఒక్కటి కూడా తగ్గలేదు. ఊళ్లో తెల్లారగానే గడ్డి కోయడం, పేడ ఎత్తడం, 200 లీటర్ల డ్రమ్ములో పొద్దున, సాయంత్రం కర్రతో కలపడం, మడి మడికీ తిరిగి నీళ్లు మళ్లించడం. ఇక్కడ నాలుగో అంతస్తు గది, లిఫ్టు, కుర్చీ, ఫోన్‌లో ఆర్డర్లు రాసుకోవడం. కాలు కదిపేది బండి స్టార్ట్ చేయడానికే.

గడప దగ్గర నిలబడ్డవాణ్ని నేనొక్కణ్నే కాదు. ఐసీఎంఆర్ దేశమంతా చేసిన సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది షుగర్‌కు ముందు దశలో ఉన్నారని అంచనా. షుగర్ పట్నం జబ్బు అనుకునే రోజులు పోయాయి. మన ఊళ్లల్లో ఎంతమంది గోలీలు వేసుకుంటున్నారో మీకు తెలుసు.

అక్క అడిగిన మాట

నా రిపోర్టు కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకొకటి ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను.

చిక్కడపల్లి నుంచి ఒక పెద్దావిడ ప్రతి ఆదివారం వస్తుంది. నన్ను తమ్ముడూ అంటుంది. ఒకరోజు వచ్చి టేబుల్ ముందు నిలబడి ఇట్లా అంది: "తమ్ముడూ, నువ్వు చెప్పినట్టే చక్కెర బంద్ పెట్టిన. ఛాయ్‌ల నీ బెల్లమే. అన్నం మానేసి కొర్రలు, సామలే తింటున్నం. నూనె గూడ నీ గానుగదే. ఆరు నెలలైంది. బరువు పెరిగింది, షుగర్ గూడ పెరిగిందట. నేనేం తప్పు చేసిన?"

నా దగ్గర పుస్తకంలో ఆమె కొన్న లెక్క ఉంది. ఇంట్లో ఇద్దరే. నెలకు ఐదు లీటర్ల నూనె, మూడు కిలోల బెల్లం. అంటే మనిషికి రోజుకు 75 గ్రాములకు పైగా నూనె, 50 గ్రాముల బెల్లం. పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో 2,000 క్యాలరీల కంచానికి నూనె 27 గ్రాములే. ఒక్క నూనె నుంచే ఆమెకు రోజుకు దగ్గర దగ్గర 680 క్యాలరీలు పోతున్నాయి. ప్రతి నెలా ఆ ఐదు లీటర్లు అమ్మి సంతోషపడ్డది నేనే.

"గానుగ నూనె ఎంత తిన్నా ఏం కాదు", "బెల్లం మంచిదే", "చిరుధాన్యాలు తింటే బరువు దానంతట అదే దిగుతుంది" అని టేబుల్ దగ్గర నేను చెప్పిన మాటలే ఇవి. మీలో చాలామంది కూడా చెబుతుంటారు. కాబట్టి లెక్క చూద్దాం.

పోషకాహార సంస్థ 2017లో వేసిన భారతీయ ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల గింజల్లో క్యాలరీలు ఇట్లా ఉన్నాయి:

తెల్ల బియ్యం – 356
సజ్జలు – 348
సామలు – 346
జొన్నలు – 334
అరికలు – 332
రాగులు – 321

కొర్రలూ ఆ చుట్టుపక్కలే. చూశారు కదా, క్యాలరీల్లో పెద్ద తేడా లేదు. తేడా పీచులో ఉంది. బియ్యంలో పీచు 3 గ్రాముల లోపు, జొన్న, సజ్జ, రాగుల్లో 10 గ్రాములకు పైన. పీచు వల్ల కొంచెం తింటేనే కడుపు నిండుతుంది, షుగర్ నెమ్మదిగా ఎక్కుతుంది. చిరుధాన్యాల మేలు అది. అంతేగానీ సామల అన్నం మూడుసార్లు వడ్డించుకుంటే బియ్యం తిన్నట్టే.

నూనె ఏదైనా సరే, గ్రాముకు 9 క్యాలరీలు. గానుగదైనా, ఫ్యాక్టరీదైనా, నెయ్యి అయినా ఇంచుమించు అంతే. బెల్లం 100 గ్రాములకు 350 దాకా, చక్కెర 400 దగ్గర. రెండూ రక్తంలో షుగర్ పెంచేవే. రసాయనాలు లేకుండా పండించడం మంచి పని. పురుగుమందుల అవశేషాలు ఒంట్లోకి పోవు, నేల బాగుపడుతుంది. కానీ సహజంగా పండిన గింజలో క్యాలరీలు మాయం కావు. ఈ రెండు విషయాలను కలిపేసి నేను అమ్ముకున్నాను.

మెటబాలిజం అంటే ఏంటి?

తిన్నదాన్ని ఒళ్లు శక్తిగా మార్చుకుని ఖర్చు పెట్టే పని మొత్తానికి మెటబాలిజం అని పేరు. మనం జీవక్రియ అంటాం. ఈ కథలో మన తెలుగువాడు ఒకాయన ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో హార్వర్డ్‌లో ఉండగా సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరాల్లో గుర్తించారు. అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని విడిగా కనుక్కున్నాడు. మన కండరం ముడుచుకున్న ప్రతిసారీ ఖర్చయ్యేది ఈ ఏటీపీయే. పార ఎత్తినా, మెట్టెక్కినా అది ఖర్చయి మళ్లీ తయారవుతుంది. అది తయారు కావడానికే తిండి.

ఈ ఖర్చు మూడు రకాలు. ఒకటి, పడుకుని ఉన్నా జరిగే ఖర్చు: గుండె, మెదడు, కాలేయం, ఊపిరి. ఎక్కువ కూర్చునే మనిషికి రోజు ఖర్చులో 60 నుంచి 70 శాతం ఇదే. రెండు, తిన్నది అరిగించుకోవడానికి అయ్యేది, సుమారు 10 శాతం. మూడు, కదలికల ఖర్చు. మన చేతిలో ఉన్నదల్లా ఎక్కువగా ఈ మూడోదే.

"40 దాటితే మెటబాలిజం పడిపోతుంది, ఏం చేస్తాం" అంటాం కదా? 2021లో సైన్స్ పత్రికలో వచ్చిన పెద్ద అధ్యయనంలో 29 దేశాల్లో 6,400 మందికి పైగా కొలతలు చూశారు. ఒంటి బరువు, కండ లెక్కలోకి తీసుకుంటే 20 నుంచి 60 ఏళ్ల దాకా జీవక్రియ దాదాపు ఒకేలా ఉంది. 60 తర్వాతే మెల్లగా తగ్గుతోంది. నడి వయసులో తగ్గేది మన కదలిక, మన కండ.

ఇంకో పాత ప్రయోగం నాకు బాగా నచ్చింది. అమెరికాలో మేయో క్లినిక్‌లో జేమ్స్ లెవిన్ బృందం 16 మందికి ఎనిమిది వారాలపాటు రోజుకు 1,000 క్యాలరీలు ఎక్కువ పెట్టింది. ఫలితాలు 1999లో వచ్చాయి. కొందరికి అరకిలో కూడా కొవ్వు పెరగలేదు, కొందరికి నాలుగు కిలోలు దాటింది. తేడా జిమ్ వల్ల కాదు. తక్కువ పెరిగినవాళ్లు తమకు తెలియకుండానే లేవడం, కూర్చోవడం, నిలబడడం, అటూ ఇటూ తిరగడం ఎక్కువ చేశారు. మా అమ్మ ఒక్క దగ్గర కూర్చునేది కాదు. ఆమె ఒళ్లు ఎందుకట్లా ఉండేదో ఇది చదివాక అర్థమైంది.

యూరియా లాంటి చిట్కాలు

"మెటబాలిజం పెంచే పొడి", "కొవ్వు కరిగించే టీ", పరగడుపున తేనె నిమ్మరసం. ఇవన్నీ యూరియా చల్లినట్టే, వారం రోజులు పచ్చగా కనిపిస్తాయి. తేనె 100 గ్రాములకు 300 క్యాలరీలకు పైనే, అది కొవ్వును కరిగించదు.

చల్లనీళ్లు తాగితే క్యాలరీలు ఖర్చవుతాయని కూడా అంటారు. మనమే లెక్క వేద్దాం. కిలో నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక క్యాలరీ కావాలి. ఆహారం విషయంలో క్యాలరీ అంటే ఇదే. అరలీటరు నీళ్లు 20 డిగ్రీల నుంచి ఒంటి వేడి 37 డిగ్రీలకు రావాలంటే ఎనిమిదిన్నర క్యాలరీలు. ఒక్క బిస్కెట్‌కు కూడా సరిపోదు. నీళ్లు దాహానికి తాగండి. తీపి ఛాయ్, కూల్‌డ్రింకు బదులు నీళ్లు తాగితే అప్పుడు నిజంగా లాభం.

నేను పెట్టుకున్న అలవాట్లు

1. పొద్దున అరగంట నుంచి 40 నిమిషాలు వేగంగా నడక. ఇందిరా పార్కు 76 ఎకరాలు, చెట్ల నీడ. మాట్లాడగలగాలి, పాట పాడలేనంత ఆయాసం ఉండాలి, అదీ వేగం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలు ఇట్లాంటి నడక చేయమంటోంది. 70 కిలోల మనిషి గంట కూర్చుంటే 90 క్యాలరీలు, గంట చురుగ్గా నడిస్తే 240 చుట్టూ. 10,000 అడుగులు వేయాల్సిందేనని భయపడకండి. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది. ఇప్పుడు వేస్తున్న దానికంటే రెండు వేలు పెంచండి చాలు.

2. తిన్న వెంటనే 10–15 నిమిషాలు నడక. అన్నం తిన్నాక కూర్చోకుండా కొద్దిసేపు నడిస్తే షుగర్ అంత ఎత్తుకు పోదని పరిశోధనల్లో పదేపదే తేలింది. రాత్రి భోజనం చేసి మా ఇంటామె, నేను అశోక్ నగర్ సందుల్లోంచి చిక్కడపల్లి దాకా పోయి వస్తాం. దారిలో మిర్చి బజ్జీల వాసన వస్తుంది, కడుపు నిండి ఉంది కాబట్టి దాటిపోగలుగుతున్నాం.

3. మెట్లు. మా బిల్డింగ్‌లో లిఫ్టు మానేశాను. చిక్కడపల్లి, నారాయణగూడ మెట్రో స్టేషన్లలో ఎక్కేటప్పుడు మెట్లే. మోకాలు నొప్పి ఉన్నవాళ్లు దిగడానికి లిఫ్టు వాడుకోండి, తప్పు లేదు.

4. బరువు ఎత్తడం. వారంలో మూడు రోజులు గోడకు చేతులు పెట్టి తోయడం, కుర్చీలోంచి చేతులు వాడకుండా 15 సార్లు లేవడం, ఐదు కిలోల బియ్యం సంచులు రెండు చేతుల్లో పట్టుకుని మెట్లెక్కడం. కండ పెరిగితే పడుకున్నా కొవ్వు కరిగిపోతుందని గొప్పలు చెప్పను. కిలో కండ విశ్రాంతిలో ఖర్చు పెట్టేది రోజుకు 13 క్యాలరీలే. కానీ తిన్నాక రక్తంలోకి వచ్చిన షుగర్‌ను ఎక్కువగా లాక్కునేది కండే. 50 దాటినవాళ్లకు అది ఆస్తి.

5. కంచంలో పప్పు ముందు. మాంసకృత్తులు అరగడానికే వాటి శక్తిలో 20–30 శాతం ఖర్చవుతుంది, కొవ్వుకైతే 3 శాతం లోపే. ఆకలి కూడా ఆగుతుంది. కిలో బరువుకు 0.83 గ్రాములు ఐసీఎంఆర్ లెక్క. నేను ముద్దపప్పు, ఉడికించిన శనగలు, గుడ్డు, పెరుగు పెంచాను, అన్నం సగం చేశాను. గింజలన్నీ కలిపి, బియ్యమైనా చిరుధాన్యమైనా, రోజుకు 250 గ్రాములు మించకుండా కొలిచి వండుతున్నాం. నూనె నెలకు మనిషికి లీటరు లోపే.

6. ఎక్కువసేపు కూర్చోకపోవడం. మా అబ్బాయి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నుంచి రాత్రి దాకా చదువుతాడు. అక్కడ వందల మంది పిల్లలు ఉద్యోగాల కోసం ఏళ్ల తరబడి అట్లా కూర్చుంటున్నారు. వాడికి చిన్న నీళ్ల సీసా ఇచ్చాను. అయిపోయినప్పుడల్లా లేచి పోవాల్సిందే.

7. నిద్ర. 2022లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో తక్కువ నిద్రపోయే 80 మంది గంటకు పైగా ఎక్కువ నిద్రపోతే, ఎవరూ చెప్పకుండానే రోజుకు సగటున 270 క్యాలరీలు తక్కువ తిన్నారు. రాత్రి పదకొండుకు వీడియోలు ఎడిట్ చేసే అలవాటు మానేశాను.

షుగర్‌కు గోలీలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి తగ్గించే ముందు, ఉపవాసం మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి. షుగర్ ఒక్కసారిగా పడిపోతే ప్రమాదం. ఛాతీ నొప్పి, ఆయాసం ఉన్నవాళ్లు కూడా చూపించుకున్నాకే మొదలుపెట్టండి.

ఊళ్లో ఉన్నవాళ్లకు

"మేం పొలంలోనే ఉంటాం, మాకెందుకు ఇవన్నీ" అంటారేమో. నిజంగా లెక్క వేసుకోండి. దుక్కి ట్రాక్టర్‌తో, కోత మిషన్‌తో, మోటారు ఫోన్‌తో ఆన్ అవుతుంది, పొలానికి బండి మీద పోతున్నాం. నాట్లు, కలుపు రోజుల్లో ఒళ్లు విరిగేలా పని, మిగతా రోజుల్లో అరుగు మీద. తిండి మాత్రం పాతకాలం నాగలి పట్టిన మనిషిది. ఖాళీ రోజుల్లో అన్నం తగ్గించుకోండి, పొలానికి నడిచి పొండి, జీవామృతం చేత్తో కలపండి, ఆచ్ఛాదన గడ్డి మీరే పరచండి.

అయితే అందరికీ ఒకే మాట చెప్పకూడదు. మన చేలలో వంగి కలుపు తీసి, ఇంటికి పోయి వంట చేసే ఆడవాళ్లలో చాలామంది బక్కగా, రక్తం తక్కువగా ఉన్నారు. వాళ్లకు కావాల్సింది క్యాలరీలు కరిగించడం కాదు, కడుపునిండా పప్పు, ఆకుకూర, గుడ్డు, కాస్త విశ్రాంతి. కూలికి వచ్చినవాళ్లకు అంబలితో పాటు ఉడికించిన పెసలో, శనగలో పెట్టండి.

ఇప్పుడు

పది నెలలైంది. బరువు 74, నడుము 92, హెచ్‌బీఏ1సీ 5.9. ఇంకా పోవాల్సిన దూరం ఉంది. మధ్యలో రెండు పెళ్లిళ్లు, ఒక దసరా వచ్చి రెండు కిలోలు పెరిగి మళ్లీ తగ్గాను.

అక్కకు ఆ ఆదివారమే నిజం చెప్పాను. "అక్కా, తప్పు మీది కాదు, నేను సగమే చెప్పిన" అన్నాను. నెలకు రెండు లీటర్ల నూనే ఇస్తానని, బెల్లం తగ్గించమని, ముందు డాక్టర్‌కు చూపించుకోమని చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఇంత రోజులు ఎందుకు చెప్పలేదు మరి?" అంది. నా దగ్గర జవాబు లేదు. రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చి కందిపప్పు కొన్నది. ఇప్పుడు ఒక్కోసారి పార్కులో కనబడి రెండు రౌండ్లు మాతోనే నడుస్తుంది.

టేబుల్ మీద బోర్డు మార్చాను. "షుగర్ తగ్గిస్తుంది, బరువు తగ్గిస్తుంది" అన్న మాటలు తీసేసి, "రసాయనాలు లేకుండా పండించినవి. కొలిచి వాడండి" అని రాయించాను. నూనె, బెల్లం అమ్మకం తగ్గింది, పప్పులు కొంచెం పెరిగాయి. మొత్తం మీద ఆదివారం ఆదాయం తక్కువే వస్తోంది. కానీ ఎవరైనా రిపోర్టు పట్టుకుని టేబుల్ ముందు నిలబడితే తల దించుకోవాల్సిన పని లేదు.

మీరు నేరుగా అమ్మే రైతులైతే మీ బోర్డు మీద ఏం రాసి ఉందో ఒకసారి చూసుకోండి. ఒక టేపు తీసుకుని బొడ్డు దగ్గర నడుము కొలుచుకోండి. ఈ వారం మీరు ఎన్ని గంటలు నిజంగా పని చేశారో రాసుకోండి. వచ్చే వీడియోలో గట్ల మీద కంది, అంతర పంటగా పెసర వేసుకుని ఇంటికి సరిపడా పప్పు ఎట్లా పండించుకోవాలో మా పొలంలోనే చూపిస్తాను. ఆ రోజు పొలం దాకా బండి మీద రాను, నడిచే వస్తాను.